అక్క చిన్నమెదడుకి వాపొచ్చిన వేసవి

మా అక్క వేటపాలెంలో ఒక జీడిపప్పు షెడ్డులో కటింగు మిషను మీద పనిచేస్తుంది. ఆ మిషను చూడనివాళ్ళకి ముందు దాని సంగతి చెప్పాలి. ఇనప బల్ల మీద రెండు బ్లేడ్లు ఎదురెదురుగా బిగించి ఉంటాయి. జీడిపిక్కకి ఎంత వంపు ఉంటుందో వాటికీ అంతే వంపు. ఆవిరిపట్టి ఆరబెట్టిన పిక్కని ఎడమ చేత్తో ఆ బ్లేడ్ల మధ్య వంపుకి వంపు కుదిరేలా పెట్టాలి, వేళ్ళు తీసేయాలి, కాలితో పెడలు తొక్కాలి. బ్లేడ్లు పెంకులోకి దిగీ దిగగానే కుడి చేత్తో పిడి లాగితే పెంకు రెండుగా విచ్చుకుంటుంది. తొక్కుడు కాస్త ఎక్కువైతే లోపలి పప్పు చీలి బద్ద అవుతుంది. తక్కువైతే పెంకు విచ్చుకోదు. వేలు తీయడం ఆలస్యమైతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివాను. దాచేపల్లి వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో వాల్వులూ డాంపర్లూ, వాటిని నడిపించే కంట్రోలర్లూ చూసుకోవడం నా ఉద్యోగం. ఏ యంత్రాన్ని చూసినా దాన్ని భాగాలుగా విడదీసి వరస పెట్టుకోవడం నాకు అలవాటు. అక్క పనినీ అలాగే విడదీసేవాణ్ణి. పిక్కని పట్టుకోవడం, తిప్పడం, పెట్టడం, వదలడం, తొక్కడం, లాగడం. ఒక్కోదానికీ మధ్య ఎంత ఎడం ఉండాలో ఆమెకి ఎవరూ నేర్పలేదు. ఆమె పిక్క వంక చూసేది కూడా కాదు. పక్క బల్ల మీద ఆవిడతో వంటల గురించో సీరియళ్ళ గురించో మాట్లాడుతూనే ఉండేది, ముందున్న పళ్ళెంలో ముక్క విరగని గుండు పప్పు నిండుతూ ఉండేది. మా ఫ్యాక్టరీలో అంత నిలకడగా పనిచేసే కంట్రోలరు ఒక్కటి ఉంటే మా మేనేజరు దానికి దండ వేసేవాడు.

ఆ ఏడు ఈస్టరుకి ముందు ఉపవాస ప్రార్థనలు జరుగుతున్న రోజుల్లో వాళ్ళ వీధిలో పిల్లలకి వరసగా అమ్మవారు పోసింది. పుస్తకాల్లో ఆటలమ్మ అని, ఆసుపత్రుల్లో చికెన్‌పాక్స్ అని రాసేది అదే. పిల్లల తర్వాత అక్కకీ పోసింది. మేము క్రైస్తవులం. అక్క అత్తగారు సంఘంలో స్త్రీల సమాజానికి సెక్రటరీ. అయినా అమ్మవారు అనే మాట మా ఇళ్ళలోంచి పోలేదు, వేపాకూ పోలేదు. ఆవిడ గుమ్మానికి మండలు కట్టలేదు గానీ అక్క పడుకునే చాప మీద ఆకు పరిచి, పైన దుప్పటి కప్పింది.

"పాస్టరు గారొస్తే దుప్పటి ఎత్తమాక" అందట కోడలితో.

"ఇల్లంతా వేపాకు వాసనొస్తుంటే ఆయనకి తెలీదా అత్తా?"

"తెలిస్తే తెలిసింది. కనపడకపోతే చాలు."

పాస్టరు గారు వచ్చి, ప్రార్థన చేసి, చెప్పులేసుకుంటూ "లేతాకు వేయండమ్మా, ముదురాకు గుచ్చుకుంటుంది" అని చెప్పి వెళ్ళారట. ఇదంతా అక్క ఫోన్లో నవ్వుతూ చెప్పింది.

పొక్కులు ఎండాయి. పసుపూ వేపాకూ వేసి కాచిన నీళ్ళు పోశారు. నీళ్ళు పోశాక మా ఇళ్ళలో ఇక ఆ మాట ఎత్తరు. జ్వరం వచ్చిందనో జబ్బు చేసిందనో అసలే అనరు. అమ్మవారు చుట్టంలా వచ్చింది, మర్యాద చేశాం, వెళ్ళింది. అంతే లెక్క. అక్క మళ్ళీ షెడ్డుకి వెళ్ళడం మొదలుపెట్టింది, ఆపేసిన ఉపవాసాలూ మొదలుపెట్టింది.

తర్వాత కొద్ది రోజులకే, ఒక ఉపవాసం రోజు పొద్దున, ఆమె పళ్ళెంలో బద్దలు పడడం మొదలైంది. ఒకటీ అరా కాదు, వరసగా. షెడ్డులో బల్లల మీద పెత్తనం చేసే పెద్దావిడ ఒకామె ఉంది, అందరూ పిన్ని అంటారు. ఆవిడ నోటికి భయపడనివాళ్ళు లేరు.

"ఏందమ్మాయ్, బద్దల కొట్టు పెడదామనుకుంటున్నావా?" అని అరిచింది.

అక్క సమాధానం చెప్పబోయింది, మాట మందంగా వచ్చింది. ఇంకో పిక్క పెట్టబోతే చెయ్యి బ్లేడు పక్కకి పోయింది. కాలు మాత్రం తొక్కేసింది. అదృష్టం, చెయ్యి బ్లేడుకి అవతల ఉంది. భయపడి లేచింది. లేచినావిడ నిటారుగా నిలబడలేక పక్కకి ఊగి పెంకుల కుప్ప మీద పడింది.

పిన్ని ఆమెని లేపి కూర్చోబెట్టి, నిమ్మకాయ నీళ్ళు తాగించింది. "పొద్దుట్నుంచీ కడుపులో ఏం లేకపోతే పడరా మరి! దేవుడు అన్నం తినొద్దన్నాడు సరే, మిషను తొక్కమని కూడా ఆయనే చెప్పాడా?" తాగిన నీళ్ళు అక్క వాంతి చేసుకుంది.

అలా ఉపవాసం మీదకి పోయింది నింద. ఎవర్నీ తప్పుపట్టడానికి లేదు. ఎండలు ముదిరాయి, ఆవిరిపట్టే బాయిలరు పక్కనే ఉంది, మనిషి తిండి మానేసింది. కళ్ళు తిరగడానికి ఇంకేం కావాలి? ఇంటి దగ్గర డాక్టరు కూడా నీరసమేనని సెలైను పెట్టాడు. ఇంట్లో ఉపవాసం మాన్పించి రాగిజావా గుడ్డూ పెట్టారు. ఆమె తింటోంది. కానీ తిన్నకొద్దీ తగ్గాల్సింది తగ్గలేదు. గోడ పట్టుకుంటే గానీ వాకిట్లోకి రాలేకపోయింది. అప్పుడు మా బావ ఫోన్ చేశాడు. ఆయన చీరాలలో ఆటో నడుపుతాడు, చిన్న విషయానికి కంగారుపడే మనిషి కాదు.

"ఒరేయ్, మీ అక్క మాట తేడాగా ఉంది. నువ్వొకసారి రా."

నేను వెళ్ళేసరికి అక్క గోడకి ఆనుకుని, కాళ్ళు రెండూ బాగా ఎడంగా చాపి కూర్చుని ఉంది. "ఎప్పుడు... బయల్... దేరావ్రా" అంది. ఒక్కో ముక్కా విడివిడిగా, బరువుగా, మెట్లు దిగుతున్నట్టు వచ్చింది మాట. నాకు నీళ్ళివ్వాలని పక్కనున్న గ్లాసు కోసం చెయ్యి చాచింది. చెయ్యి బాగానే బయలుదేరింది. గ్లాసు దగ్గర పడేకొద్దీ ఊగడం మొదలైంది. అటు పోయింది, ఇటు పోయింది, గ్లాసు దాటిపోయి, వెనక్కి వచ్చి దాన్ని పడేసింది. నీళ్ళు చాప మీద పారాయి.

అక్క ఆ నీళ్ళ వంక చూసి, "చూశావా... గ్లాసు కూడా... నన్ను చూసి పారిపోతోంది" అంది.

ఆ ఊపు నాకు తెలుసు. రోజూ చూసే ఊపే. మా దగ్గర ఒక వాల్వు ఎంత తెరుచుకోవాలో కంట్రోలరు చెబుతుంది, ఎంత తెరుచుకుందో సెన్సరు తిరిగి చెబుతుంది, తేడా ఉంటే కంట్రోలరు సరిచేస్తుంది. ఆ సరిచేయడం ఆలస్యమైనా, మోతాదు మించినా వాల్వు చెప్పిన చోట ఆగదు. దాటిపోతుంది, వెనక్కి లాగితే మరీ వెనక్కి వస్తుంది, మళ్ళీ దాటిపోతుంది. అక్క చేతిలో బలం తగ్గలేదు. నా చెయ్యి నొక్కమంటే గట్టిగానే నొక్కింది. మోటారు బాగుంది, తీగలు బాగున్నాయి, సరిచేసేదే చెడింది. నీరసమైతే చెయ్యి ఆగిపోవాలి గానీ దాటిపోదు. నాకు తెలిసింది అంతవరకే. ఆ సరిచేసేది మనిషి ఒంట్లో ఎక్కడ ఉంటుందో, దానికి ఏమైందో తెలిసినవాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. బావ ఆటోలోనే చీరాల స్టేషనుకి వెళ్ళి గుంటూరు రైలెక్కాం. అక్కని నేనూ బావా చెరోవైపు పట్టుకున్నాం. అత్తగారు వెనకాల సంచీతో నడిచింది.

గుంటూరులో మమ్మల్ని చూసిన నరాల డాక్టరు నడివయసావిడ. తొందరపడని మనిషి. అక్కని ముందు తన వేలినే చూస్తూ ఉండమని, వేలిని పక్కకి జరిపింది. అక్క కళ్ళు ఆ పక్కకి వెళ్ళి అక్కడ నిలవలేదు, చిన్నగా కొట్టుకుంటూ ఉన్నాయి. తర్వాత అక్క వేలిని తన ముక్కుకీ, డాక్టరు వేలికీ మార్చి మార్చి తాకించమంది. తర్వాత ఒక అరచేతి మీద ఇంకో చేతిని బోర్లా, వెల్లకిలా గబగబా వేయమంది. ఆ మార్పు అక్క చేతికి అందలేదు, రెండు సార్లు బోర్లా, ఒకసారి పక్కకీ పడింది. మడమని రెండో కాలి మీద మోకాలి నుంచి కిందికి గీత గీసినట్టు దింపమంది. మడమ రోడ్డు మీద పాములా మెలికలు తిరిగింది. పాదాలు రెండూ దగ్గర పెట్టి నిలబడమంటే, కళ్ళు తెరిచి ఉండగానే పడబోయింది. ఒక్కో పరీక్షా దేన్ని పరీక్షిస్తోందో నాకు కనిపిస్తూనే ఉంది. ఒక్క పరికరం లేకుండా, తన వేలితో, లోపలెక్కడో ఉన్న లోపాన్ని ఆవిడ నాలుగువైపులనుంచీ చుట్టుముట్టింది. అంత శుభ్రంగా లోపం వెతికే పద్ధతి నేను మా ఫ్యాక్టరీలో చూడలేదు.

"ఈ నెలలో ఏమైనా జబ్బు చేసిందా?" అని అడిగింది.

"ఏం లేదండి" అంది అత్తగారు. "గట్టి మనిషండి."

"ఉపవాసాలున్నదండి, అంతే" అన్నాడు బావ.

"మిరప చేలల్లో మందు కొట్టే పనికి ఏమైనా వెళ్ళిందా?"

"లేదండి, జీడిపప్పు షెడ్డండి."

"ఫిట్స్‌కి గానీ, నిద్రకి గానీ మాత్రలు వాడుతుందా?"

"లేదండి."

"తాగుడు అలవాటుందా? అందర్నీ అడుగుతాను, ఏమీ అనుకోకండి."

అత్తగారికి కొంగు జారినంత పనైంది. "మాది సెక్రటరీ ఇల్లండి!"

డాక్టరు నవ్వు ఆపుకుని అక్క చేతులు పట్టుకుని చూసింది. "ఈ మచ్చలు?"

"జీడి... అండి" అంది అక్క. "పెంకులోంచి... నూనె చిమ్ముతుంది." అది నిజమే. అక్కడ పనిచేసేవాళ్ళ చేతులమీద ఆ నల్ల మచ్చలు లేనివాళ్ళుండరు.

డాక్టరు తలూపి, ఏదో అనుమానం వచ్చినట్టు అక్క నుదుటి మీద జుట్టు వెనక్కి తోసింది. తర్వాత మెడ వెనక చూసింది. జాకెట్టు అంచు కింద వీపు మీద చూసింది. "ఇక్కడ కూడా జీడే చిమ్మిందా?"

అత్తగారే గొంతు తగ్గించి చెప్పింది. "అది అమ్మవారండి."

"ఎప్పుడు?"

"ఈమధ్యనేనండి. నీళ్ళు కూడా పోసేశాం. వెళ్ళిపోయింది కదండీ."

"మరి జబ్బేమీ చేయలేదన్నారు?"

"అది జబ్బు కాదు కదండీ!" అత్తగారూ బావా ఇద్దరూ ఒకేసారి అన్నారు. అక్క కూడా తలూపింది. నిజం చెప్పాలంటే నాకూ ఆ క్షణంలో వాళ్ళ మాటలో తప్పేమీ కనపడలేదు.

డాక్టరు కోప్పడుతుందనుకున్నాను. ఆవిడ కోప్పడలేదు. "సరే, నేనడగడంలోనే ఉంది లోటు. ఇకమీద అమ్మవారు పోసిందా అని విడిగా అడుగుతాను" అని, కుర్చీ అక్కకి దగ్గరగా జరుపుకుని, మాకు కాకుండా ఆమెకే చెప్పింది. తల వెనక, మెడ పైన చిన్నమెదడు ఉంటుంది. చెయ్యి ఎంత దూరం వెళ్ళాలో, ఎక్కడ ఆగాలో, ఏ కదలిక తర్వాత ఏది రావాలో సరిచూసేది అదే. మాటకి నాలుక, చూపుకి కళ్ళు, నిలబడ్డానికి నడుము, అన్నీ దాని అదుపులోవే. అందుకే అది వాస్తే ఇవన్నీ ఒకేసారి చెడతాయి. "నీ అమ్మవారు వెళ్ళిపోయిందమ్మా. కానీ దాన్ని తరమడానికి ఒంట్లో లేచిన కుక్కలు కొన్ని ఉంటాయి. దొంగ పోయాక కూడా అవి ఊరుకోక, ఇంట్లోవాళ్ళనే కరుస్తాయి ఒక్కోసారి. నీకు అదే జరిగి ఉంటుందని నా అనుమానం. కొన్నిసార్లు వైరస్సే అక్కడిదాకా పోతుంది. ఎక్కువగా చిన్నపిల్లల్లో చూస్తాం. పెద్దవాళ్ళకీ వస్తుంది."

అనుమానం అని ఎందుకన్నారని అడిగాను. ఆవిడ వేళ్ళు మడిచి చెప్పింది. ఇదే తూలుడు చిన్నమెదడులో రక్తం గడ్డకట్టినా వస్తుంది, రక్తం చిట్లినా వస్తుంది. గడ్డ పెరుగుతున్నా వస్తుంది. వేరే వైరస్‌లవల్లా, కొన్ని రకాల జ్వరాల తర్వాతా, కొన్ని మాత్రలు ఎక్కువైనా, తాగుడువల్లా వస్తుంది. వాటిని ఒక్కొక్కటిగా కొట్టేస్తూ పోతే గానీ మిగిలిందేదో తెలియదు. అందుకే తలకి ఎమ్మారై, వెన్నులోంచి నీరు తీసి పరీక్ష. వాపు పెరిగితే మెదడులో నీరు పారే దారి మూసుకుపోతుంది, అది ప్రమాదం, కాబట్టి ఆసుపత్రిలోనే ఉండాలి. తలనొప్పి పెరిగినా, వాంతులు ఆగకపోయినా, మగతగా పడి ఉన్నా వెంటనే పిలవాలి.

అదంతా విన్నాక అక్క అడిగింది ఒక్కటే. "నేను మళ్ళీ... మిషను తొక్క... గలనా?"

"చాలామందికి పూర్తిగా తగ్గుతుంది. పెద్దవాళ్ళకి ఆలస్యం అవుతుంది. కొందరికి కొంచెం మిగులుతుంది. నీకు మిగులుతుందో లేదో ఇవాళ నేను చెబితే అది అబద్ధం" అంది డాక్టరు.

ఓదార్పుకి ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. ఆవిడ మీద నాకు గౌరవం అక్కడ ఇంకాస్త పెరిగింది. అక్కకీ అలాగే అనిపించి ఉంటుంది. "అబద్ధం... వద్దులెండి" అంది.

ఎమ్మారైలో చిన్నమెదడు రెండువైపులా వాపు కనిపించింది, మిగతావి కనిపించలేదు. వెన్ను నీటి పరీక్షలోనూ వేరే జబ్బేదీ బయటపడలేదు. ఒక మధ్యాహ్నం అక్కకి తలనొప్పి బాగా పెరిగి మగతగా పడిపోయింది. బావ చెప్పులు కూడా వేసుకోకుండా నర్సు దగ్గరికి పరుగెత్తాడు. మళ్ళీ స్కానింగు తీశారు, నీటిదారి ఇరుకైంది గానీ మూసుకోలేదన్నారు, స్టెరాయిడ్ ఇంజక్షన్లు మొదలుపెట్టారు. ఆ తర్వాత వాపు దిగుతూ వచ్చింది. అక్కకి మగత వదలగానే మొదట చేసిన పని, దుప్పటి కింద ఎడమ చేతిని చాచడం, వేళ్ళు కలపడం, విడదీయడం, పాదాన్ని మంచం కమ్మీకి నొక్కడం. ఏం చేస్తున్నావని అడిగితే "పనికి... పోయొస్తున్నా" అంది.

ఇంటికి పంపేటప్పుడు ఫిజియోథెరపీ ఆయన కొన్ని వ్యాయామాలు నేర్పాడు. గీత మీద నడవడం, బంతి పట్టడం, వేలు ముక్కుకి తాకించడం. అక్క వాటిని ఉన్నవున్నట్టు ఒప్పుకోలేదు. "ముక్కు ఎక్కడుందో... నాకు తెలుసు, రోజూ తాకి... ఏం చెయ్యను" అని, గిన్నెడు చింతగింజలు ముందు పోసుకుని, ఒక్కోటీ ఏరి ఇంకో గిన్నెలో వేయడం పెట్టుకుంది. మొదట్లో గింజలకంటే గిన్నెలు ఎక్కువ దొర్లాయి. ఇల్లంతా చింతగింజలే. అత్తగారు ఊడుస్తూ సణిగేది, ఊడ్చినవి కడిగి మళ్ళీ ఆమె ముందే పెట్టేది. అన్నం తినిపిస్తానని ఆవిడ ముద్ద కలిపితే అక్క ఒప్పుకోలేదు. "నా చెయ్యి దారి తప్పి... ముక్కులోకి పోతే పోనీ అత్తా... రేపటికి నోరు గుర్తొస్తుంది" అంది. మీసాలకి అన్నం మెతుకులు అంటుకున్న పిల్లిలా ఉన్నావని బావ అంటే, ఆ మెతుకులే ఏరి ఆయన మీద విసిరింది. తగల్లేదు. "ఇది కూడా... గురి నేర్చుకోవాలి" అంది.

వారాంతాల్లో నేను వెళ్ళి చూసేవాణ్ణి. మోచెయ్యి పక్కటెముకలకి అదిమిపెట్టి, మణికట్టు మాత్రమే కదిలిస్తే ఊగుడు తగ్గుతోందని ఆమే కనిపెట్టింది. ఫిజియోథెరపీ ఆయన అది మంచి పద్ధతేనన్నాడు. నాకు ఉత్సాహం ఆగలేదు.

"కంట్రోలరు ఇలా అటూ ఇటూ ఊగుతూ హంటింగ్ చేస్తుంటే మేం కూడా ముందు గెయిన్ తగ్గిస్తామక్కా. మెల్లగా చేరనిచ్చి, తర్వాత వేగం పెంచుతాం."

"నీ ఫ్యాక్టరీ భాష నాకెందుకురా? నిదానంగా చెయ్యమంటున్నావ్, అంతేనా?"

"అంతే."

"ఆ ముక్క చెప్పడానికి అంత చదువు చదవాలా?" అని నవ్వి, మళ్ళీ గింజలు ఏరుకుంది. మాటలోని మెట్లు అప్పటికి చాలావరకు చదునయ్యాయి.

ఆ రోజుల్లోనే పిన్ని చూడ్డానికి వచ్చింది. జీడిపిక్కల సీజను, బల్ల ఖాళీగా ఉంచలేరు. ఆ సంగతి ఎలా చెప్పాలో తెలియక ముందు అందర్నీ తిట్టింది. ఇంటిని తిట్టింది, ఎండని తిట్టింది, నన్ను చిక్కిపోయావని తిట్టింది. చివరికి "నీ బల్ల మీద ఇంకో పిల్లని కూర్చోబెట్టమంటున్నారమ్మాయ్" అంది.

"కూర్చోబెట్టు పిన్నీ."

"రేపు నువ్వొస్తే?"

"లేపు."

"లేవనంటే?"

"నాకంటే బాగా తొక్కుతుంటే లేపమాక. నేనే చెప్తా లేపొద్దని."

పిన్నికి ఆ జవాబు నచ్చలేదు. పొట్టు తీసే చోటికి రమ్మంది, కూర్చుని చేసే పని, బ్లేడు ఉండదంది. కొంగు ముడి విప్పి ఒక గుండు పప్పు తీసి "ఇదిగో, పొట్టు తియ్యి చూద్దాం" అని అక్క చేతిలో పెట్టింది. అక్క రెండు వేళ్ళతో పట్టుకుంది. బొటనవేలు తిన్నగా దిగకుండా పక్కకి గీసుకుపోయింది, పప్పు పగిలి ఒళ్ళో పడింది. అందరం వేరే వైపు చూశాం. అక్క మాత్రం ఆ రెండు ముక్కల్నీ చూసి, ఒకటి పిన్ని నోట్లో పెట్టబోయి ఆవిడ గడ్డానికి తగిలించి, రెండోది తను తినేసింది.

"ఇప్పుడొస్తే మీ పప్పు పాడు, నా పేరు పాడు. చెయ్యి మాట వినేదాకా నేను రాను" అంది.

మిషను ఎక్కాలన్న కోరిక ఎంత ఉందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. చెయ్యి సిద్ధం కాకుండా ఎక్కకూడదన్న పట్టు దానికి రెండింతలు ఉంది. మా ఫ్యాక్టరీలో ఆగిన లైనుని తొందరపడి నడిపించమని పైవాళ్ళు ఒత్తిడి చేసినప్పుడు కాదని చెప్పగలిగినవాళ్ళని నేను వేళ్ళమీద లెక్కపెట్టగలను. అక్కని ఎవరూ ఒత్తిడి చేయలేదు, చేసింది ఆమె ఆశే. దానికి కాదని చెప్పడం ఇంకా కష్టం.

చింతగింజలు దారికొచ్చాయి గానీ కాలూ చెయ్యీ కలవలేదు. చెయ్యి బాగా చేస్తే కాలు మరిచిపోయేది, కాలు మీద ధ్యాస పెడితే చెయ్యి ఊగేది. ఎదురింట్లో టైలరు సాయిబు గారు ఇది గమనించి, మూలన పడి ఉన్న పాత కుట్టు మిషను బావ చేత మోయించి పంపించారు. వెనకాలే తనూ వచ్చారు.

"సూది పీకేశానమ్మా. ఎంత తొక్కినా నీకేం కాదు, దానికీ ఏం కాదు" అన్నారు.

"గుడ్డ నలిగి పాడైతేనో?"

"మా అబ్బాయి కుట్టినవి చూళ్ళేదా నువ్వు? గుడ్డలు పాడవడం మాకు కొత్త కాదు."

అక్క ఆ మిషను మీద గుడ్డని ఎడమ చేత్తో జరపడం, కాలితో తొక్కడం, కుడి చేత్తో చక్రం ఆపడం వరస పెట్టుకుంది. ముందు పైకి చెప్పుకుంటూ చేసేది. చెయ్యి, కాలు, చెయ్యి. చెయ్యి, కాలు, చెయ్యి. వానలు మొదలయ్యేనాటికి పైకి చెప్పడం మానేసింది. పెదాలు మాత్రం కదిలేవి.

డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళినప్పుడు అక్క ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గదిలోకి నడిచింది. గీత మీద అడుగు వెనక అడుగు వేయమంటే ఇంకా కొంచెం తూలింది. కళ్ళు కొట్టుకోవడం పోయింది. మిషను ఎక్కొచ్చా అని అడిగితే, ఆ పని ఇక్కడ చేసి చూపించమంది డాక్టరు. అక్క బల్ల అంచుకి కుర్చీ జరుపుకుని, లేని పిక్కని లేని బ్లేడ్ల మధ్య పెట్టి, వేళ్ళు తీసి, నేలని తొక్కి, లేని పిడిని లాగింది. డాక్టరు చూస్తూ ఉంది. ఆపమని అనలేదు. అక్క ఆపలేదు. చాలాసేపటికి చెయ్యి కొంచెం ముందూ వెనకా అవడం మొదలైంది.

"ఇక్కడ ఆగు. ఇదీ నీ హద్దు. అలసిపోయాక మిగిలిన తేడా బయటికొస్తుంది. ఇక్కడికి రాకముందే లేచిపోతానంటే వెళ్ళు" అంది ఆవిడ.

అక్క ఆ హద్దుని ఇంకొన్నాళ్ళు ఇంట్లోనే వెనక్కి జరిపింది. తర్వాత ఒక రోజు ఫోన్ చేసి, "రేపు షెడ్డుకి పోతున్నా, చూడ్డానికొస్తావా?" అంది. సెలవు పెట్టి వెళ్ళాను.

ఆమె బల్ల మీద కూర్చున్న పిల్ల లేచి పక్క బల్లకి జరిగింది. అక్క జీడి అంటకుండా చేతులకి ఆముదం రాసుకుంది, బ్లేడ్లని ఒకసారి తాకి చూసింది, కూర్చుంది. ఇప్పుడు ఆమె పిక్క వంక చూస్తుంది. చూసి పెట్టింది. వేళ్ళు తీసింది, తీసినట్టు కళ్ళతో ఇంకోసారి చూసుకుంది, అప్పుడు తొక్కింది. పిడి లాగింది. పెంకు విచ్చుకుంది. పప్పు రెండుగా చీలి ఉంది. రెండోదీ అంతే. మూడోది విచ్చుకోలేదు. పక్క బల్లమీద ఆవిడ ఏదో మాట్లాడబోతే "ఆగవే, ఇప్పుడు కాదు" అంది అక్క. ఇదివరకు మాట్లాడుతూ చేసేది, ఇప్పుడు ఊపిరి బిగబట్టి చేస్తోంది. ఇదివరకటి పని చూసి ఆశ్చర్యపోయేవాణ్ణి గానీ, అందులో ఆమెకి కష్టం లేదు. ఇప్పుడు ఒక్కో పిక్కా ఆమె దగ్గర పూర్తి జీతం తీసుకుంటోంది.

తర్వాతి పిక్కలో పప్పు గుండుగా పడింది. ఆమె దాన్ని చూడనైనా చూడకుండా ఇంకోటి పెట్టింది.

కొంతసేపటికి పిన్ని వచ్చి పళ్ళెంలో చెయ్యి పెట్టి కెలికింది. బద్దలే ఎక్కువ. గుండ్లూ ఉన్నాయి.

"ఇవాళ్టికి చాలు, లే" అంది.

"ఇక్కడ కూర్చోడానికి నాకు వేసవంతా పట్టింది. నువ్వు ఇట్టే లేవమంటావేంది పిన్నీ?"

"డాక్టరమ్మ హద్దు పెట్టిందంట కదే?"

"ఇంకా రాలేదు. వచ్చినప్పుడు నేనే లేస్తా, నీకెందుకు?"

పిన్ని పళ్ళెం తీసుకుని పక్కన పెట్టి, ఖాళీ పళ్ళెం ముందుకి తోసింది. అక్క పిక్కల బుట్టని కాలితో దగ్గరికి లాక్కుంది. నాకు రైలుకి వేళయింది. వెళ్ళొస్తానక్కా అన్నాను. ఆమె తల తిప్పలేదు. తిప్పకూడదని నాకూ తెలుసు. వేళ్ళు తీసి, తొక్కి, పిడి లాగాక, అప్పుడు అంది. "జాగ్రత్తగా పో."